గ్లాసు అడుగున ఇసక

ఇప్పుడు చిలకమ్మ ఇంటికి పాలు ప్యాకెట్లో వస్తున్నాయి. కొడుకు బుజ్జిబాబు రైల్వే వర్క్‌షాపు నుంచి వస్తూ వస్తూ తెచ్చి ఫ్రిజ్‌లో పడేస్తాడు. తెల్లారి కోడలు ఇందు కత్తెరతో మూల తెంపి గిన్నెలోకి వంచుతుంది. ఆ పాలు కాగుతుంటే ఇంట్లో వాసనే రాదు. మీగడ కట్టినా కాగితంలా లేస్తుంది. అయినా చిలకమ్మ ఒక్కనాడూ బాగోలేదనలేదు. ప్యాకెట్లు తెమ్మన్నది తనే.

మొన్నటి చలికాలం దాకా పాలు ఆమె మొగుడు ఎర్రయ్య తెచ్చేవాడు. రిటైరైపోయినా ఆయన ఒంట్లోంచి వర్క్‌షాపు సైరన్ పోలేదు. చీకటితోనే లేచి, సైకిలు హ్యాండిలుకి పాల కేను తగిలించుకుని, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్ల వరసలు దాటి, ఊరు దాటి, కాంసాయి ఏటి గట్టు దాకా తొక్కుకుంటూ పోయేవాడు. అక్కడ గట్టుకి ఇవతల పల్లంలో మీనాకుమారి ఇల్లుంది. ఆవిడ మొగుడూ, ఎర్రయ్యా ఒకే షాపులో వేగన్లకి రివిట్లు కొట్టినవాళ్ళు. ఆయన సర్వీసులో ఉండగానే పోయాడు. క్వార్టరు ఖాళీ చేశాక ఆవిడ ఆ పల్లంలో రెండు గదులు వేసుకుని, గేదెల్ని కట్టుకుని, పాలమ్ముకుంటూ బతుకుతోంది.

"ఖరగ్‌పూర్ మొత్తానికి ఆవిడికే ఉన్నాయేటి గేదెలు?" అని చిలకమ్మ అడిగేది.

"ఆ పాలు సిక్కన," అనేవాడు ఎర్రయ్య.

"సిక్కదనం పాలదా, పోసీ సేతిదా?"

"మ్," అనేవాడు. ఇక ఆ పూటకి అంతే.

ఆవిడ ఎర్రయ్యని అన్నయ్యా అని పిలిచేది. ఆ వరసన చిలకమ్మ వదినయింది. ఆ అన్నయ్య అనే మాట మీద చిలకమ్మకి ఎన్నడూ నమ్మకం కుదరలేదు. పాలు పోయించుకుని రావడానికి ఎండ క్వార్టరు కప్పు మీదకొచ్చేదాకా ఎందుకు పట్టాలి? ఏ అన్నకి చెల్లెలితో రోజూ అన్ని మాటలుంటాయి? ఇంట్లో పెళ్ళాంతో "మ్" అనే మనిషికి అక్కడ నోరెలా వస్తుంది?

వానాకాలం వస్తే కడుపుమంట ఇంకా పెరిగేది. పాల కేనుతోపాటు ఒక సీసాడు నీళ్ళు కూడా వచ్చేవి. మీనాకుమారి పెరట్లో నేలలోంచి ఊరే నీళ్ళు. ఏరు నిండిన రోజుల్లో గట్టు ఇవతల అక్కడక్కడ అలా ఊట లేస్తుంది. ఎర్రయ్య వాటిని గాజుగ్లాసులో పోసి వంటింటి కిటికీలో పెట్టేవాడు. ఎవరూ కదపకూడదు. మర్నాటికి పైన నీళ్ళు తేరుకుని, అడుగున సన్నగా మడ్డి దిగేది. అప్పుడు చిలకమ్మ పారబోసి, కొబ్బరి పీచుతో గ్లాసు తోమేది. ఊరికే తోమేది కాదు.

"నా కుళాయి నీళ్ళకేటొచ్చిందంట? ఆ మారాణి పెరటి నీళ్ళని కిటికీలో కూకోబెట్టి సూసుకోవాలా? సూడు, ఇసక. నా గ్లాసు నిండా ఆవిడింటి ఇసక!"

ఎర్రయ్య వెనకాల పీట మీద కూర్చుని టీ తాగుతూ అంతా వినేవాడు. పొగలు కక్కే గ్లాసుని గుడ్డ లేకుండా గుప్పిట్లో పట్టుకునేవాడు. ఏళ్ళ తరబడి రివిట్ల సుత్తి అదిరి అదిరి ఆయన వేళ్ళకి స్పర్శ పోయింది. వేడీ తెలిసేది కాదు, ముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు.

ఒక ఏడాది భాద్రపదంలో మాత్రం గ్లాసు తోముతుంటే చిలకమ్మ చెయ్యి ఆగింది. "ఇదేటి, ఇసక కాదు, ఉప్మా రవ్వలాగుంది! గ్లాసు గీరుకుపోతంది!" అని అరిచింది. వెనక్కి తిరిగి చూస్తే పీట ఖాళీ. ఎర్రయ్య ఇడ్లీల ప్లేటు కింద పెట్టేసి సైకిలెక్కేశాడు. పొద్దుగుంకాక నడుము దాకా బురదతో వచ్చాడు.

"గట్టు కాడ పనుండిపోనాది," అన్నాడు.

"గట్టు కాడేనా?"

"మ్."

తిన్న తిండి వదిలేసి ఎవరికోసం అలా పరుగెత్తుతాడు మనిషి? ఆ రోజు చిలకమ్మ అన్నం గరిట కంచానికి ఠంగుమనిపించి వడ్డించింది. ఆ ప్రశ్న మాత్రం నోటితో అడగలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన ఎర్రయ్య మళ్ళీ లేవలేదు. లైన్లో ఆడవాళ్ళంతా వచ్చి చిలకమ్మ చుట్టూ కూర్చున్నారు. అప్పుడే లోపలికొచ్చిన మీనాకుమారి శవం కాళ్ళ మీద పడిపోయింది. "అన్నయ్యా! గట్టు కింద నన్నొగ్గీసి ఎల్లిపోనావా! ఇంకెవులు సూస్తారు అన్నయ్యా!" అని ఆవిడ పెట్టిన శోకానికి వీధి చివర ఉన్నవాళ్ళు కూడా వచ్చేశారు. ఏళ్ళుగా మాటల్లేని పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ కూడా చిలకమ్మ చెవిలో, "ఎవులమ్మా ఈవిడ? నీకన్న ఎక్కువేడుస్తంది!" అంది. చిలకమ్మకి అప్పటిదాకా వస్తున్న ఏడుపు ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

కర్మలు కాగానే చిలకమ్మ చేసిన మొదటి పని పాలు మానిపించడం.

ఈ ఏడు శ్రావణంలో వానలు వదలకుండా పట్టుకున్నాయి. కాంసాయి నిండుగా పారుతోందని బుజ్జిబాబు చెబుతుంటే చిలకమ్మ వినిపించుకోకుండా బియ్యం ఏరుకుంది. ఒక సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చాక టోటో, అదే బ్యాటరీ ఆటో, గుమ్మం ముందాగి, తడిసిన గొడుగుతో మీనాకుమారి దిగింది.

చిలకమ్మ కూర్చోమనలేదు. ఇందే కుర్చీ వేసింది.

"వదినా, మా పెరట్లో గంగమ్మ ఎలిసింది," అంది మీనాకుమారి. మొహం వెలిగిపోతోంది. "అన్నయ్య కూకునీ చోటే. పుట్ట కట్టింది. రోజుకింత పెరుగుతంది తల్లి. మా యీది ఆడోళ్ళంతా పసుపు నీళ్ళు పోసి మొక్కుతన్నారు. ఆదోరం సిమెంటు పోసి, పైన సిన్న గుడి కట్టేద్దారనుకుంటన్నాం. నువ్వు రావాల."

"నేనెందుకు?"

"నువ్వు కాకపోతే ఎవులు వదినా! అన్నయ్య పోయినాక ఆ నీళ్ళ కాడ ఎవులూ కూకోట్లేదు. మనసూరుకోక నేనే ఒక దీపం ఎట్టినాను. అలగ ఎడతా ఉంటే, వానలు పట్టినాక తల్లి బుడబుడమని పైకొచ్చింది."

చిలకమ్మ గోడ మీదున్న ఫోటో వైపు చూసింది. దాని ముందు తనూ రోజూ దీపం పెడుతోంది. ఆవిడ పెట్టిన దీపానికి దేవత లేచి వచ్చిందట. తను పెట్టిన దీపానికి గోడకింత మసి పట్టింది.

"నాకు కాళ్ళు నొప్పులు," అంది.

మీనాకుమారి ఇంకాసేపు కూర్చుని, సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. "తీర్థం వదినా. రోజుకో సుక్క ఏసుకో," అని చెప్పి వెళ్ళిపోయింది. సీసాలో నీళ్ళు పచ్చగా, పసుపు వాసనతో ఉన్నాయి.

"తాగుతావా అత్తా?" అంది ఇందు కళ్ళు చిలిపిగా పెట్టి.

"ఆవిడి పెరటి నీళ్ళు నేను తాగాల్నా? సింకులో పారబొయ్యి."

ఇందు సీసా అందుకునేలోపే చిలకమ్మే లేచింది. సింకు దాకా వెళ్ళింది. చెయ్యి ఎందుకో కిటికీ వైపు పోయింది. ఎర్రయ్య గ్లాసు అక్కడే బోర్లించి ఉంది. దాన్ని తిప్పి, ఆ పచ్చనీళ్ళు అందులో పోసి కిటికీలో పెట్టింది. ఎందుకు పెట్టావని అడిగితే తను చెప్పలేకపోయేది. ఇందు అడగలేదు.

పొద్దున్న చూస్తే పైన లేత పసుపు రంగు నీళ్ళు. అడుగున మందంగా, వేలెడు కాకపోయినా గోరెడు మడ్డి. పారబోసి పీచు తీసుకుంది. "చచ్చినా ఒదల్దు కదా ఈ మారాణి," అని గొణుగుతూ తోమడం మొదలుపెట్టింది.

గరగరమంది.

చిలకమ్మ చెయ్యి ఆపింది. పీచు పక్కన పెట్టి బొటనవేలూ చూపుడువేలూ గ్లాసు అడుగుకి దింపి నలిపింది. పసుపు మెత్తగా ఉంటుంది, వేళ్ళకి అంటుకుంటుంది. ఇది అంటుకోలేదు. రవ్వలా దొర్లింది. ఇన్నేళ్ళుగా తోమిన వేళ్ళకి ఇది ఒక్కసారే తగిలింది. ఇడ్లీల ప్లేటు వదిలేసి ఆయన సైకిలెక్కిన రోజున.

పీట మీద కూలబడింది. పరుగెత్తింది మనిషి కోసమా, ఈ గరగర కోసమా? ఆయనకి వినబడిందేంటి ఆ రోజు తన అరుపులో? సంగతి పూర్తిగా తెలియకపోయినా, అక్కడ నేలకింద ఏదో బాగోలేదని మాత్రం వేళ్ళకి తెలిసిపోయింది.

అయితే ఏం? ఆ మాట ఆవిడకి చెప్పాల్సిన అవసరం తనకేంటి? పోతే పోనీ. ఆయన కూర్చున్న చోటు, ఆ దీపం, ఆ వదినా అనే పిలుపు, అన్నీ ఏట్లో కలిసిపోనీ. ఆ ఆలోచనకి చిలకమ్మ కాసేపు హాయిగా కూర్చుంది. నిజంగానే హాయిగా ఉంది. ఆ తర్వాత, ఎర్రయ్య సగం తిని వదిలేసిన ఆ ప్లేటు గుర్తొచ్చింది. ఆయన తిండి వదులుకుని ఆపిన దాన్ని, తను పీట మీద కూర్చుని పోనిస్తోంది.

"ఇందూ, బండి తియ్యి."

"ఈ వాన్లో ఎక్కడికత్తా?"

"పాలకి."

ఇన్నేళ్ళలో చిలకమ్మ ఆ గట్టు దగ్గరికి ఒక్కసారీ రాలేదు. ఆయన రమ్మనలేదు, తను వస్తాననలేదు. మనసులో మాత్రం ఆ పెరటిని చాలాసార్లు చూసింది. మల్లెపందిరి, పందిరికింద నవారు మంచం, పక్కన పళ్ళెంలో టీ. ఇందు స్కూటీ మీంచి తను దిగి చూస్తే పేడ బురద, రేకుల గేదెల పాక, గోడవార తలకిందులుగా బోర్లించిన ఒక పెయింటు డబ్బా. ఆయన కూర్చునేది దాని మీదే కాబోలు. గట్టు పైకెక్కి చూసిన ఇందు, "అత్తా, ఏరు ఈవిడి కిటికీ కన్న ఎత్తులో ఉంది!" అని కేకేసింది.

ఆ డబ్బాకి ఎదురుగా నేలలోంచి ఇసక పుట్ట లేచింది. కొనదేలి, నడినెత్తిన గుంటతో, ఆ గుంటలో నీళ్ళు అన్నం ఉడికినట్టు కుతకుతమంటున్నాయి. చుట్టూ వేపమండలు, ఎర్రగుడ్డ, గాజులు. ఆడవాళ్ళు వరసగా వచ్చి చెంబుల్తో పసుపు నీళ్ళు పోస్తున్నారు.

"ఆపండి పసుపు," అంది చిలకమ్మ.

"ఎవులీవిడ? అమ్మోరికి పసుపొద్దంటది!" అంది ఒక ముసలామె.

"మా వదిన. ఎర్రయ్య అన్నయ్య ఇంటామె," అంది మీనాకుమారి పాకలోంచి పరుగున వస్తూ.

"ఓహో, పాలు మానీసినావిడేనా!"

"ఆ, నేనే. పాలు మానీసినాను, మీరు కూసేపు పసుపు మానీండి. ఈ రంగు తల్లిదో మీ సెంబుదో సూద్దాం."

ఆవిడ అంత గట్టిగా అనేసరికి చెంబులు ఆగాయి. సన్నటి తుంపరలో అందరూ ఆ గుంట వైపే చూస్తూ నిలబడ్డారు. పాత పసుపు నీళ్ళు పొర్లి కాలవలోకి పోయాయి. కొత్త నీళ్ళు వచ్చాయి. నీళ్ళు మాత్రం తేటపడలేదు. పచ్చదనం పోయి చిక్కటి మట్టిరంగు మిగిలింది. చిలకమ్మ వంగి దోసిట్లో పట్టి, నీళ్ళు వదిలేసి, చేతిలో మిగిలింది మీనాకుమారి అరచేతిలో పోసింది.

"నలిపి సూడు."

మీనాకుమారి నలిపింది. నలుపుతుండగానే మొహం పాలిపోయింది. "తేట నీళ్ళొస్తే రానీ, భయం లేదు. మన్ను తెచ్చినాదంటే మాత్రం గట్టు కింద ఏరు బొరియ సేస్తన్నట్టే. బొరియ ఏటి దాకా తెగితే గట్టు ఒక్కపాలి కూలిపోద్ది. అన్నయ్య ఇలగే సెప్పీవోడు. పసుపేసినాక తేట ఏదో మన్నేదో... నాకు తెలీలేదు వదినా."

"అయితే పెరుగుతన్నది పుట్ట కాదు. తరుగుతన్నది గట్టు," అంది చిలకమ్మ.

"రాయెట్టి నొక్కేద్దారి!" అని ముసలామె రాయి కోసం వెతికింది. మీనాకుమారి చెయ్యి పట్టుకుని ఆపింది. ఫోను తీసి, గట్టు చూసుకునే సెక్షన్ బాబుకి బెంగాలీలో గడగడ చెప్పింది. ఆయన గట్టు మీదే ఇంకోచోట ఉన్నట్టున్నాడు, మనుషుల్తో మోటారుసైకిళ్ళ మీద కాసేపటికే వచ్చేశాడు. ఒక్కసారి చూసి చెప్పుల్తోనే బురదలోకి దిగాడు.

"బొంధొ కొర్బేన్ నా దీదీ. జొల్ బెరొతే దిన్," అన్నాడు. మూసెయ్యొద్దట. మూసేస్తే నీళ్ళు ఇంకోచోట చీల్చుకొస్తాయి. నీళ్ళని రానివ్వాలి, మట్టిని రానివ్వకూడదు. పుట్ట చుట్టూ గుండ్రంగా ఇసక బస్తాలు పేర్చితే, లోపల నీళ్ళు నూతిలోలాగా నిలుస్తాయి. ఆ నిలిచిన నీళ్ళ బరువే కిందనుంచి వచ్చే ఊటని నెమ్మదింపజేస్తుంది. నెమ్మదిస్తే మన్ను తేలేదు. "బస్తాలు నా మనుషులు తెచ్చేలోగా ఇక్కడేమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయి. అన్నయ్య నింపి ఉంచినాడు," అంది మీనాకుమారి, గేదెల పాకలో టార్పాలిన్ లాగుతూ.

చిలకమ్మ ఆ బస్తాల్ని చూసి నిలబడిపోయింది. అవి తన బియ్యం గోనెలు. ప్రతి దాని మూలా ఎర్రదారంతో తను కుట్టుకున్న ఇంటూ గుర్తు. ఏటేటా మాయమైపోయేవి. ఈ గోనెల మీదే కదా అప్పలనర్సమ్మని దొంగముండా అని తిట్టి, ఏళ్ళకేళ్ళు మాటలు మానేసింది!

"నా గోనెలు ఇక్కడికా వచ్చినాయి," అంది పళ్ళ మధ్య నుంచి.

ఆడవాళ్ళంతా వరసకట్టారు. పసుపు చేతులు, కుంకం చేతులు ఒకదాన్నుంచి ఒకటి బస్తాలు అందుకున్నాయి. వరసలో చిలకమ్మ పక్కన మీనాకుమారి పడింది. ఒగరుస్తూనే మాట్లాడింది.

"నిన్నడగాలని నాకు తట్టనే లేదు వదినా. ఎప్పుడూ నువ్వే కదా సెప్పీదానివి."

"నేనా? నేనేటి సెప్పినాను?"

"అన్నయ్య సేతులకి తెలీదు కదా. సీసాతో నీళ్ళు అట్టుకెళ్ళి, మర్నాడొచ్చి సెప్పీవోడు. 'మా ఆవిడ గ్లాసు తోమినాది. గొణిగినాది గాని గీరుకుపోయిందన్లేదు. భయం లేదు, పడుకోండి' అనీవోడు. నీ గొణుగుడు మీదే మా యీదంతా నిద్రపోయీది."

చిలకమ్మ చేతిలో బస్తా అలాగే ఉండిపోయింది. వెనకామె, "అందుకో పిన్నీ, నడుం పోతంది!" అని అరిస్తే గాని కదల్లేదు.

"నీతో సెప్పేడా ఈ మాట?"

"రోజూను."

"నాతో సెప్పలేదు."

"సెప్పితే నువ్వు జాగర్తగా తోముతావంట," అంది మీనాకుమారి నవ్వబోయి, చిలకమ్మ మొహం చూసి మానుకుంటూ. "జాగర్తగా తోమితే నిజం రాదంట."

"ఇంకేటి మాటాడీవోడు నీతో, అంతంత సేపు?"

"నాతోనా? నాతో ఏటి మాటాడతాడు వదినా! ఆ డబ్బా మీద కూకుని నీళ్ళకేసి సూసీవోడు. నేనిచ్చిన టీ సల్లారిపోయీది. ఏటన్నయ్యా అంటే, 'మ్' అనీవోడు."

ఆ 'మ్' చిలకమ్మకి బాగా తెలుసు. అది తనొక్కదానిదే అనుకుంది ఇన్నాళ్ళూ. దాన్ని కూడా పంచిపెట్టాడు. దానికన్నా పెద్ద మంట ఇంకొకటుంది. తన చేతి కబురు, తన నోటి మాట, తెల్లారితే సైకిలెక్కి ఇంకొక ఇంటికి చేరిపోయేది. తనకి తప్ప అందరికీ తెలిసింది తను ఎంత అవసరమైన మనిషో.

బస్తాల వలయం మోకాలెత్తు లేచింది, తర్వాత తొడల దాకా లేచింది. లోపల నీళ్ళు నిండాయి. కుతకుత తగ్గి నీళ్ళ మీద చిన్న సుడి మాత్రం మిగిలింది. సెక్షన్ బాబు ఒక వైపు బస్తా కాస్త దించి దారి చేస్తే, అందులోంచి పొర్లిన నీళ్ళు మొదట మట్టిగా, రానురాను తేటగా వచ్చాయి. ఏరు తీసేదాకా తన మనుషులు పగలూ రాత్రీ ఇక్కడే కాపలా ఉంటారని, తర్వాత ఇసకా కంకరా పొరలు పొరలుగా వేయిస్తామని చెప్పాడు. ఇంతలో ముసలామె బయటివైపు బస్తాకి పసుపు రాసి బొట్టు పెట్టేసింది. బాబు చూసి నవ్వాడు. "పూజ బయట చేసుకోండి, ఠీక్ హై. లోపల పసుపు పొయ్యొద్దు."

వెళ్ళబోతూ చిలకమ్మ, వస్తూ వెంట తెచ్చిన తీర్థం సీసా చాపింది. మీనాకుమారి ఆ తేట నీళ్ళు నింపి, పాల కేను కూడా తెచ్చింది.

"ఇయి కూడా అట్టుకెళ్ళు వదినా."

"పాల సంగతి తర్వాత," అని చిలకమ్మ గోడ దగ్గరికి వెళ్ళి ఆ పెయింటు డబ్బాని చంకన పెట్టుకుంది.

"అది మా గోడలకి రంగేసిన డబ్బా వదినా!"

"రంగు నీదే. కూకున్నది మా ఆయన."

మీనాకుమారి డబ్బా అంచు మీద చెయ్యి వేసింది. "అయితే అట్టుకుపో," అంది. చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు. దాన్ని వదులుకోవడం ఆవిడకీ కష్టంగానే ఉందని తెలిసి, చిలకమ్మ డబ్బాని ఇంకాస్త గట్టిగా పట్టుకుని స్కూటీ ఎక్కింది.

మర్నాడు పొద్దున్న కిటికీలో గ్లాసుంది. పైన నీళ్ళలోంచి అవతలి క్వార్టరు గోడ స్పష్టంగా కనబడుతోంది. అడుగున దారప్పోగంత మడ్డి. చిలకమ్మ పెయింటు డబ్బా మీద కూర్చుని టీ తాగుతోంది. ఇందు గిన్నెలన్నీ తోమేసి, ఆ గ్లాసు కోసం చెయ్యి చాపింది.

"ఉండనీ," అంది చిలకమ్మ.

"నువ్వు తోముతావా అత్తా?"

"నేనూ తోమను."

తోమితే వేళ్ళకి కబురు తెలుస్తుంది. తెలిస్తే గట్టు దాకా వెళ్ళి ఆవిడకి చెప్పాలి. గట్టు మీద సెక్షన్ బాబు మనుషులున్నారు, వాళ్ళు చూసుకుంటారు. ఇన్నేళ్ళూ ఆయన మోసుకెళ్ళి ఇచ్చేసిన కబురు ఈ ఒక్క పూటైనా తన ఇంట్లో, తన కిటికీలో ఉండాలి. రేపు తోముతుంది. రేపు గొణుగుతుంది.

ఇందు పీచు పక్కన పెట్టేసింది. గ్లాసు ఆ రోజంతా అక్కడే, తోమకుండా ఉంది.